కోతల పండుగకు వచ్చిన ఈటెలు

రాళ్లపాలెం, ఆళ్లగడ్డ
1957 జనవరి 7, సోమవారం

తమ్ముడు దేవదానానికి,

నీ తమ్ముడు ఎక్కడ అని దేవుడు కయీనును అడిగినాడే, అదే మాట రేపు నిన్నడిగితే ఏం చెప్తావు? 'నేను నంద్యాలలో ఉన్నాను ప్రభువా, ఆసుపత్రిలో మందు సీసాలు కడుగుతున్నాను, ఆళ్లగడ్డ సంగతి నాకు తెలియదు' అంటావా? అంతకంటే మంచి జవాబు నీ దగ్గర ఉంటే ఈ ఉత్తరం మడిచి గూట్లో పెట్టు. లేదంటే చివరిదాకా చదువు.

కరుణమ్మకు, పిల్లలకు నా దీవెనలు. క్రిస్మస్‌కు పంపిన చీర అందింది. అంచు మరీ సన్నం. పోనీలే, వాక్యం చెప్పే నోటికి చీర అంచుతో పనేముంది.

ఈసారి మన పాలెంలో క్రిస్మస్ పాటలకు రెండు జట్లు పోయినాయి. మీది వీధి పిల్లోళ్లకు ఒక తప్పెట, కింది వీధి పిల్లోళ్లకు ఒక తప్పెట. పుట్టిన యేసు ఒక్కడే గానీ ఆయన పుట్టినాడని చెప్పడానికి రెండు వీధులకు ఒక నోరు లేకపోయింది. ఎందుకో నీకు తెలియంది కాదు. మీది వీధి పైమిద్దె ఓబులేసు రెడ్డి కింద బతుకుతుంది, కింది వీధి కిందిమిద్దె శేషయ్య రెడ్డి కింద బతుకుతుంది. కాలువ నీళ్ల తగువు ఆ రెండు మిద్దెలది. పగిలే తలలు మాత్రం మనవి. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి తిన్నవాళ్లం, సోమవారం పొద్దున చెరొక రెడ్డి పక్కన ఈటెలు పట్టుకొని నిలబడతాం.

పోయినేడు కాలువ గట్టు మీద మీ బావ ప్రకాశాన్ని రాళ్లతో కొట్టి చంపినప్పుడు ముందున్నది కింది వీధి సామ్యేలని పాలెమంతా ఎరుగు. కోర్టులో మాత్రం ఎవరూ ఏమీ చూడలేదు. వాడు తిరిగొచ్చినాడు. వాడూ నా కొడుకు తీతూ ఒకే నాడు బాప్తిస్మం పొందినవాళ్లు. ఒకే ఏటి నీళ్లలో, నా కండ్ల ముందే.

మీ బావను పూడ్చినప్పటి నుంచి నేను ఏడ్చింది చాలు. ఇప్పుడొక పని మొదలుపెట్టినాను. దీపాలు పెట్టే వేళకు గుడిలో యువజన సభ. రెండు వీధుల పిల్లోళ్లూ ఒకే చాప మీద కూర్చోవాలి. పాట, వాక్యం, ఆ దినం ఎవరి మీద కోపం వచ్చిందో పైకి చెప్పుకోవడం, అంతే. మొదట నేనే అంకమ్మ ఇంటికి పోయినాను. అంకమ్మ సామ్యేలు తల్లి. నన్ను చూసి తలుపు సగం మూసింది.

"ఏందక్కా ఇట్లొస్తివి?"

"నీ కొడుకు కోసం వచ్చినా."

"చంపుతావా?"

"పాటలు నేర్పిస్తా. నా గొంతు విన్నోళ్లు దీనికంటే చంపినా మేలంటారులే."

ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. సామ్యేలు సభకు వచ్చినాడు. వాకిలి దగ్గర చెప్పులు పక్కన పెట్టుకొని, లోపలా బయటా కాకుండా కూర్చున్నాడు. వాణ్ని చూడగానే నా కొడుకు లేచి వెళ్లిపోయినాడు. అది నీకు దాచను.

తీతు మధ్యాహ్నం బువ్వ పైమిద్దెలోనే తింటున్నాడు. 'మీ నాయన ఉసురు ఊరికే పోతాదారా' అని బువ్వతో పాటు వడ్డిస్తున్నారు. వాణ్ని నంద్యాల పంపు, ఆసుపత్రిలో పని చూపిస్తానని రాసినావు. పంపను. యోనా పడవెక్కి పారిపోతే చేప మింగింది. నా కొడుకు బస్సెక్కి పారిపోతే పగ మింగుతుంది. చేప మూడు దినాలకు కక్కింది, పగ కక్కదు. వాడు ఈడనే మారాలి, ఈ ఊరి కండ్ల ముందే.

వెనకడుగు వేయని నీ అక్క,
ఏసమ్మ

—

నంద్యాల
1957 జనవరి 16

అక్కకు దేవదానం నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరాన్ని కరుణమ్మ రెండుసార్లు పైకి చదివింది. రెండుసార్లూ నేనే కయీనును. మూడోసారి చదవబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను. నేను సీసాలు కడిగేవాణ్ని కాదు, కాంపౌండరును. ఆ సంగతి నువ్వెప్పుడు ఒప్పుకుంటావో చూద్దాం.

నువ్వు యోనాను తెచ్చినావు. నేను యోసేపును తెస్తాను. హేరోదు కత్తి దూసినప్పుడు దూత యోసేపుతో ఏం చెప్పింది? బేత్లెహేములోనే ఉండి యువజన సభ పెట్టమన్నదా? పిల్లవాణ్ని ఎత్తుకొని ఐగుప్తుకు పొమ్మన్నది. ఆ రాత్రే పోయినాడు. రక్షకునికే పారిపోవడం తప్పు కానప్పుడు తీతుకు ఎందుకు తప్పయింది? నంద్యాల ఐగుప్తంత దూరం కూడా కాదు.

అక్కా, నువ్వు శవం మీద గుడ్డ కప్పినాక చూస్తావు. నేను గుడ్డ తీసి చూస్తాను. నిన్న పాణ్యం నుంచి ఒకణ్ని తెచ్చినారు. దవడ వేలాడుతోంది. మీసాలు కూడా సరిగ్గా రాలేదు. నేను పట్టుకుంటే డాక్టరమ్మ కుట్టింది. ఆ ముఖంలో నాకు తీతు కనబడినాడు.

ఇంకొక మాట. బావను చంపినవాని చేతికి పాటల పుస్తకం ఎట్లిచ్చినావు? నాకు చేత కాదు. నేను రోజూ ప్రభువు ప్రార్థన చెప్పేటప్పుడు క్షమించే మాట దగ్గర గొంతు తగ్గిస్తాను. కరుణమ్మ కూడా కనిపెట్టింది. 'ఊళ్లో జనం ఏమనుకుంటారో మీ అక్కకు తెలుసునా? కిందిమిద్దె వాళ్ల దగ్గర ఏం తీసుకొని మెత్తబడిందో అంటారు' అని ఆమె అంటోంది. నేను అనలేదు. ఆమె అన్నది.

కోతలు కాగానే నేనే వచ్చి తీతును తీసుకుపోతాను. మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టి ఉంటే కట్టి పెట్టు.

నీ మీద కోపం లేని తమ్ముడు,
దేవదానం

—

రాళ్లపాలెం
1957 ఫిబ్రవరి 5

తమ్ముడా,

పిల్లవాణ్ని ఎత్తుకొని పొమ్మని యోసేపుకు చెప్పిన దూతే మళ్లీ వచ్చి తిరిగి పొమ్మని కూడా చెప్పింది. అంతవరకు చదవలేదా? లేక కాంపౌండరు చదువుకు అదే చివరా? పాటల పుస్తకం మీద వేలు పెట్టి, నోటికొచ్చిన పాటలో ఏ మాట ఏ అక్షరమో వెతుక్కుంటూ చదువు నేర్చుకున్నదాన్ని నేను. నాకు సగంలో ఆపడం రాదు. కరుణమ్మతో చెప్పు: కిందిమిద్దె దగ్గర నేను ఒకటి తీసుకున్నాను. సామ్యేలును తీసుకున్నాను. ఇంకా మిగిలినవాళ్లను కూడా తీసుకుంటాను.

మొన్న ఆదివారం కోతల పండుగ జరిగింది. నువ్వు ఉండాల్సింది.

అంతకు ముందు వారమంతా నేను సభలో ఒకే వాక్యం చెప్పినాను. జనాలు ఈటెలను సాగగొట్టి సేద్యపు పనిముట్లు చేసుకునే దినం వస్తుందని ప్రవక్త చెప్పినాడే, ఆ దినం మీ తాతల కాలంలో రాలేదు, మీ నాయనల కాలంలో రాలేదు, ఇంకెవురి కాలంలో రావాలిరా అని అడిగినాను.

పండుగ నాడు అందరూ మొదటి పంట తెచ్చినారు. జొన్న కంకులు, అలసందలు, గుమ్మడికాయలు, ఒక ఎర్ర కోడిపుంజు. అప్పుడు సామ్యేలు లోపలికి వచ్చినాడు. ఈసారి వాకిలి దగ్గర ఆగలేదు. గొంగళిలో చుట్టిన ఈటె తీసి గుమ్మడికాయ పక్కన పెట్టినాడు. వాని వెనక కింది వీధి వాళ్లు ఇంకొందరు. తర్వాత మీది వీధి వాళ్లు. ఈటెలు, గుదియ కర్రలు, ఒక వేటకొడవలి. ఆడోళ్లు నోట్లో కొంగులు కుక్కుకున్నారు. నేను హల్లెలూయ అనాల్సింది. నా కండ్లు కిటికీలోంచి బయట చూస్తున్నాయి. తీతు ప్రహరీ గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. మీ బావ గొడ్డలి వాని చేతిలో ఉంది. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

తర్వాత జరిగింది విని నవ్వుతావో ఏడుస్తావో నీ ఇష్టం. గుడికి వచ్చిన కానుక ఏదైనా ఆరాధన ముగియగానే వేలం వేస్తాం గదా. సంఘపెద్ద మోషే తాతకు చూపు ఆనదు. చేతికందింది ఎత్తి పట్టుకొని పాట పెడతాడు. కోడిపుంజు అయింది, గుమ్మడికాయలు అయినాయి. అదే ఊపులో ఈటె ఎత్తినాడు.

"ఇంగ ఈ ఈటె! మంచి ములికి, కొత్త కర్ర! ఎవురప్పా పాడేది?"

చౌకగా కోడిని కొందామని ఎప్పుడూ వచ్చే పైమిద్దె జీతగాడు ఆడనే ఉన్నాడు. పాడినాడు. కిందిమిద్దె మనిషి దానిమీద పాడినాడు. వీడు పెంచె, వాడు పెంచె. మోషే తాత ముఖం వెలిగిపోతాంది, గుడి కప్పుకు పెంకులు వచ్చేసినాయని. మన పిల్లోళ్లు దేవునికిచ్చిన ఈటెలను రెడ్లు మన గుడిలోనే పాడుకొని, మళ్లీ మన పిల్లోళ్ల చేతికే ఇస్తారన్నమాట!

నేను లేచి పోయి ఈటెల కుప్ప మీద కూర్చున్నాను.

"ఏందీ ఏసమ్మా, లెయ్యి" అన్నాడు తాత.

"లెయ్యను. ఎవురికి కావాల్నో వాళ్లు నన్ను గూడా కలిపి పాడండి."

"నిన్నెవురు కొంటారు పెద్దమ్మా, తిండి దండగ!" అని వెనక నుంచి ఎవరో కేక వేసినారు. గుడంతా నవ్వింది. సామ్యేలు కూడా నవ్వినాడు. రెండు వీధులు ఒకేసారి నవ్వడం నేను ఎన్నేండ్లకో విన్నాను.

ఆ నవ్వులో వేలం ఆగిపోయింది. ఈటెలు బోధపీఠం వెనక పెట్టినాము. వాటిని కొడవళ్లు చేయమని కమ్మరిని అడిగితే, పైమిద్దె వాళ్లు ఏమంటారో అని నీళ్లు నములుతున్నాడు. ఆళ్లగడ్డలో ఇంకొకణ్ని వెతుకుతున్నాను.

నువ్వు వచ్చి తీతును తీసుకుపోవద్దు. గోడ దాకా వచ్చినవాడు.

ఈటెల మీద కూర్చొని ఒళ్లంతా గీసుకుపోయిన నీ అక్క,
ఏసమ్మ

—

నంద్యాల
1957 ఫిబ్రవరి 14

అక్కా,

క్షేమ సమాచారాలు తర్వాత. గుడిలో ఆయుధాలు పెట్టుకున్నావా? నీకు మతి ఉందా?

నువ్వు ఎందుకు పెట్టినావో నాకు తెలుసు, నువ్వు రాసినావు కాబట్టి. రాయనివాళ్లకు ఎట్లా తెలుస్తుంది? నిన్న ఆళ్లగడ్డ బస్సులో వచ్చిన రోగి బంధువు నా ముందే అన్నాడు: 'ఏసమ్మ అని ఒకామె ఉందంట, మొగుని పగ తీర్చడానికి గుడిలో ఈటెలు దాచిందంట, పైమిద్దె అండ ఉందంట.' నేను ఆమె తమ్ముణ్నని చెప్పలేదు. సీసా మూత బిగిస్తూ కూర్చున్నాను.

మనసు ఆగక, నిన్న రాత్రే బుధవారం ప్రార్థన కూటంలో విన్నపాలు అడిగినప్పుడు లేచి నిలబడినాను. ఎక్కువ చెప్పలేదు. 'మా అక్క గుడిలో ఈటెలున్నాయి, ఆమె కోసం ప్రార్థన చేయండి' అన్నాను. అందరూ చాలా బాగా ప్రార్థించినారు. మన పాలెం గుడికీ పెద్దయిన పాస్టరు అయ్యగారు కూడా కండ్లు మూసుకొని చాలాసేపు ప్రార్థించినారు. తర్వాత కండ్లు తెరిచి, "ఎన్ని ఈటెలు?" అని అడిగినారు.

నేను లెక్క తెలియదని చెప్పినాను. ఏమైనా తప్పు చేసినానా?

త్వరగా ఆ కమ్మరిని చూడు.

దేవదానం

—

రాళ్లపాలెం
1957 ఫిబ్రవరి 24, ఆదివారం

దేవదానం,

గుడికి తాళం పడింది.

అయ్యగారి దగ్గర నుంచి మోషే తాతకు ఉత్తరం వచ్చింది. సంగతి విచారించేవరకు యువజన సభ ఆపాలి, గుడి మూసిపెట్టాలి. ఈ దినం ఆదివారం. మేము తాళం ముందర ఎండలో కూర్చొని ఆరాధన చేసినాము. ఈటెలు మాత్రం నీడలో చల్లగా లోపలున్నాయి. తాళం పడ్డాక రెండు మిద్దెల వాళ్లకూ ఒకే అనుమానం: ఆ ఈటెలు ఎదుటివాడి కోసమే ఉన్నాయని. తలుపు తెరిచి ఉన్నన్నాళ్లు నా మాట నమ్మినవాళ్లు కూడా ఇప్పుడు తాళాన్ని నమ్ముతున్నారు.

చెప్పింది ఎవురు? నువ్వు. ప్రార్థన పేరు పెట్టి చెప్పినావు. యూదా ముద్దు పెట్టి ప్రభువును పట్టిచ్చినాడు. నువ్వు తెలియక చేసినావని అనుకుందామని చూసినాను, మనసు ఒప్పలేదు. సభ ఆగిపోతే తీతు నీ దగ్గరికి వస్తాడని చేసినావు. నీకు కావాల్సింది అదే గదా మొదటి నుంచి?

ఆగలేదులే. నీ అయ్యగారు గుడికి తాళం వేస్తాడు గానీ ఆకాశానికి వేయలేడు. రెండు వీధులు కలిసే కూడలిలో చాప పరిచినాము. ఈటెలు ఇచ్చినవాళ్లకు రెండు మిద్దెలూ పని మానిపించినాయి. ఉత్త చేతులోడు మాకెందుకన్నారు. అయితే ఏమాయె? అందరినీ రాతిగనికి తీసుకుపోయినాను. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్లకు బండలు లారీకెత్తుతున్నారు. మీది వీధి వాడొక కొస, కింది వీధి వాడొక కొస పట్టుకోకపోతే ఆ బండ లేవదు. నేను చెప్పలేని వాక్యం ఆ బండ చెప్తాంది.

తీతు ఒక్కడే రాలేదు. మొన్న ఇంట్లోనే అడిగినాను.

"నాయనా, ఆ గొడ్డలి గుడికియ్యరా."

"అది నాయనది. నీకెందుకు?"

"అందుకే ఇయ్యమంటాండా."

"నాయన్ను ఇచ్చినాం గదమ్మా. చాలలేదా మీ దేవునికి?"

ఆ మాటకు నాకు వాక్యం దొరకలేదు. నాకు, దేవదానం. గ్రంథం ఒళ్లో పెట్టుకొని పేజీలు తిప్పుతూనే ఉన్నాను, వాడు చెప్పులేసుకొని పైమిద్దెకు పోయినాడు.

ఇంక నాకు ఉత్తరాలు రాయొద్దు. మజ్జిగ మిరపకాయలు కట్టినాను. బస్సు డ్రైవరుకు ఇచ్చినాను, తీసుకో. కోపం వేరు, అవి వేరు.

ఏసమ్మ

—

నంద్యాల
1957 మార్చి 5, మంగళవారం సాయంత్రం

అక్కా,

రాయొద్దన్నావు. రాయక తప్పదు. బండల లారీ డ్రైవరు వెనక్కి వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను.

తీతు నా దగ్గర ఉన్నాడు. బతికే ఉన్నాడు.

మధ్యాహ్నం ఆసుపత్రి ముందు బండల లారీ ఆగింది. తీతు దిగినాడు. భుజం మీద సామ్యేలు. వాని కాలు రెండు చోట్ల విరిగింది, తల పగిలింది. తీతు చొక్కా అంతా నెత్తురు. తీతుకూ వెనక భుజం మీద లోతుగా తెగింది. కుట్లు వేస్తుంటే అడిగినాను.

"ఏం చేసినావురా?"

"నేను పోయినా మామా."

"యాడికి?"

"వాళ్లతో పోయినా."

అంతే. తర్వాత నోరు తెరవలేదు. ఇంకేం చెప్పాలి? వాళ్ల నాయన పగ తీర్చుకున్నాడు. సామ్యేలు తిరగబడి వీని భుజం నరికినట్టున్నాడు. నెత్తురు చూసి భయపడి వీడే ఎత్తుకొచ్చినాడు. చిన్నప్పుడు పిచ్చుకను కొట్టి, మళ్లీ దానికి నీళ్లు తాగించిన పిల్లవాడే గదా.

డాక్టరమ్మ ఏమైందని అడిగింది. 'ఎద్దు పొడిచింది, అడ్డమొచ్చిన వీనికీ తగిలింది' అని చెప్పినాను. మా దగ్గరికి వచ్చేవాళ్లందరూ చెప్పేది అదే. చెట్టు మీంచి పడినాడు, లేదా ఎద్దు పొడిచింది. ఇన్నేండ్లుగా నేను అదే మాట డాక్టరమ్మకు అందిస్తున్నాను. ఆమెకు మన యాస సరిగ్గా తెలియదు. ఈ సీమలో ఎద్దులింత పొగరుబోతులా అని ఆశ్చర్యపోతుంది. నిజం చెప్తే పోలీసులకు చీటీ పోతుంది. చీటీ పోతే సాక్షి కావాలి. సాక్షి రేపు ఇంకొక శవం. అందుకే ఎద్దు.

సామ్యేలు మత్తులో ఉన్నాడు. బతుకుతాడంటున్నారు. లేస్తే తీతు పేరు చెప్తాడు. ఆలోపల పంపించేస్తాను. తీతును మా ఇంటి వెనక గదిలో పెట్టి గొళ్లెం వేసినాను. రేపు మధ్యాహ్నం గుంటూరు రైలెక్కిస్తాను. కరుణమ్మ అన్న అక్కడ పొగాకు కంపెనీలో ఉన్నాడు.

నీ సభ మీద నాకిప్పుడు కోపం కూడా లేదు. నీ కొడుకును నువ్వు కాపాడలేకపోయినావు. నన్ను కాపాడనీ. తర్వాత ఎంత తిట్టుకుంటావో తిట్టుకో.

దేవదానం

—

రాళ్లపాలెం
1957 మార్చి 6, భస్మ బుధవారం, తెల్లవారి

తమ్ముడా,

నీ ఉత్తరం కోడి కూసే వేళకు చేరింది. మొదటి బస్సుకు ఈ జవాబు పంపుతున్నాను.

తీతు కొట్టలేదు.

వాడు పోయిన మాట నిజమే. పైమిద్దె మనుషులతో, మీ బావ గొడ్డలి పట్టుకొని, సామ్యేలును నరకడానికే పోయినాడు. అది కడిగి చెప్పను. జరిగింది చూసిన మనిషి ఉంది. అంకమ్మ గనికి సంగటి తీసుకొని పోతూ కళ్లారా చూసింది. ఆమె మాటే రాస్తాను, నా మాట కలపను.

"నలుగురొచ్చిరక్కా. నీ కొడుకూ ఉన్నాడు. నా కొడుకు బండ మీద కూచ్చోని నీళ్లు తాగుతాండాడు. చూసి లేసె. పరిగెత్తల్యా. కట్టె దీసుకోల్యా. ఊరికే నిలబడె. వాళ్లు గడ్డపారతో కాలు మీద కొట్టిరి. పడె. ఇంగోడు తల మీద ఏసె. అప్పుడు నీ కొడుకు అరిచె, 'వాని చేతిలో ఏం ల్యాదు! ఏం ల్యాదు గదరా!' అని. ఇంగో దెబ్బ లేసె. నీ కొడుకు గొడ్డలి పారేసి వాని మీద పండుకొనె. ఆ దెబ్బ నీ కొడుకు భుజానికి పడె. నేను కుండ పగలగొట్టి కేకలు పెడితి. లారీవాళ్లు వస్తే వాళ్లు పాయె."

అది సామ్యేలు తిరగబడి చేసిన గాయం కాదు, దేవదానం. వాని కోసం వీడు తిన్న గాయం. నువ్వే కుట్లు వేసినావు, నీ చేతికి తెలియలేదు.

వాడు నోరు ఎందుకు తెరవడో ఆలోచించు. ఏడాదిగా వాళ్ల బువ్వ తిన్నాడు. వాళ్లతో కలిసి నడిచినాడు. వాళ్ల పేర్లు చెప్తే తన పేరు కూడా చెప్పాలి. చెప్పనీ. పోయినానని చెప్పనీ, ఎందుకు పోయినాడో చెప్పనీ, జైలు పడితే పడనీ. జైలులో పౌలు పాటలు పాడినాడు. నా కొడుకు గొంతు నాకంటే మేలు.

ఇక్కడి సంగతి విను. నిన్న పొద్దుగూకే సరికి పైమిద్దె ఓబులేసు రెడ్డి ఊరంతా చెప్పించినాడు: 'తీతు వాళ్ల నాయన పగ వాడు తీర్చుకున్నాడు, మాకేం సంబంధం లేదు, వాడు ఊరు విడిచి పారిపోయినాడు' అని. కిందిమిద్దె వాళ్లు దాన్ని నమ్మినారు. తప్పు చేయకుంటే ఎందుకు పారిపోతాడని అంకమ్మ మాట తోసేసినారు. ఈ దినం పొద్దుగూకే వేళకు మీది వీధి మీదికి వస్తామని కబురు పెట్టినారు. కిరసనాయిలు డబ్బాలు బండి దిగడం నేను చూసినాను. మీది వీధిలో కప్పులన్నీ బోదగడ్డివి.

నువ్వు తీతును రైలెక్కిస్తే ఆ రెడ్డి చెప్పింది అక్షరాలా నిజమైపోతుంది. వాడు జీవితాంతం సామ్యేలును చంపబోయి పారిపోయినవాడే. వాడు చేసిన ఒకే ఒక్క మంచి పని నీ గుంటూరు రైలు కింద పడి నలిగిపోతుంది. ఈడ మంటలకు అదే అగ్గిపుల్ల అవుతుంది. నువ్వు నా కొడుకును కాపాడుతున్నానంటావు. ప్రాణం ఒక్కటే కాపాడితే చాలునా? వాడిప్పుడే మనిషయినాడురా!

నిన్ను యూదాతో పోల్చినాను. దానికి నువ్వు నన్ను ఎంత తిట్టినా పడతాను, తీరిక దొరికినప్పుడు. ఈ దినం తీరిక లేదు.

చేయాల్సింది చెప్తాను. తీతును బయటికి తియ్. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపో. ఎద్దు కాదు, మనుషులు కొట్టినారని ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పు. 'నేను అబద్ధం చెప్పినాను' అని కూడా చెప్పు. నీ కొలువు పోతుందేమో. పోతే పోనీ, ఈడ గనిలో బండలున్నాయి. పోలీసులకు చీటీ పోనీ. తీతు తన నోటితో చెప్పనీ, అంకమ్మ తన నోటితో చెప్పనీ. పోయినేడు మీ బావ కేసులో ఈ పాలెం మొత్తం గుడ్డిదైపోయింది. ఈసారి చచ్చినవాని కొడుకూ చంపినవాని తల్లీ ఒకే పక్క నిలబడి చూసినామని చెప్తే, ఏ మిద్దె మీది రెడ్డి ఏం చేస్తాడో నేనూ చూస్తాను.

చెప్పడం అయిపోగానే మధ్యాహ్నం బస్సెక్కండి. తీతు నడిచొచ్చి కూడలిలో నిలబడాలి. అంకమ్మ వాని పక్కన నిలబడాలి. కింది వీధికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. సామ్యేలు తల్లే తీతు చెయ్యి పట్టుకొని ఉంటే ఎవడు కిరసనాయిలు పోస్తాడు?

నేను ఇప్పుడే కూడలికి పోతున్నాను. చాప పరుస్తాను. పిల్లోళ్లందరూ వస్తారని నీకు అబద్ధం రాయను, కొందరికి భయంగా ఉంది, ఒకడు నిన్న రాత్రి గుడి తాళం పగలగొట్టి తన ఈటె తెచ్చుకుందామని పోయినాడు. చెయ్యి పట్టుకొని వెనక్కి తీసుకొచ్చినాను. వచ్చినవాళ్లు ఉత్త చేతులతో కూర్చుంటారు. ఎవురూ రాకపోతే నేనొక్కదాన్నే కూర్చుంటాను. పాడుతూ ఉంటాను. నా గొంతు సంగతి నీకు తెలుసు, మీది వీధికీ కింది వీధికీ రెంటికీ వినబడుతుంది.

ఈ ఉత్తరం తెచ్చి నీ చేతికిచ్చిన ఆమే అంకమ్మ. బస్సులో నిలబడే వచ్చి ఉంటుంది, కొడుకును చూడాలని ఆమె కాళ్లు ఆగవు. ముందు ఆమెకు కాసిన్ని నీళ్లివ్వు. సామ్యేలును చూపించు. తర్వాత ఆమెను తీసుకొని నీ ఇంటికి పో.

రేపు కాదు. ప్రార్థన కూటంలో అడిగినాక కాదు. అయ్యగారికి చెప్పినాక కాదు. రైలు మధ్యాహ్నానికి, కిరసనాయిలు పొద్దుగూకేటప్పటికి. ఇంకా చదువుతానే ఉండావేమిరా? లెయ్యి. గొళ్లెం తియ్యి!

ఏసమ్మ